గడ్డపు రాణీ, ఇత్తడి పలకా

గడ్డం ఉన్న ఆడమనిషిని వెంకటేశ్వరి తన పుట్టుకలో చూడ్డం అదే మొదలు.

కువైట్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే ఇంటి యజమానురాలు మామా ఆమె చేతికి ఒక తుడుపుగుడ్డ ఇచ్చి ముందుగదిలోకి తీసుకెళ్ళింది. పుస్తకాల బీరువా మీద మూరెడెత్తు సుద్దబొమ్మ ఒకటి ఉంది. తలా, భుజాలూ మాత్రమే. పెద్ద కళ్ళు, సన్నటి ముక్కు, నెత్తిన రాజులు పెట్టుకునే తలపాగా. మొహం చూస్తే చక్కటి ఆడపిల్ల. పెదాల కింద చూస్తే జడ అల్లినట్టు అల్లిన గడ్డం! వెంకటేశ్వరి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిడుతుందేమోనని భయంగా చూస్తే మామా కూడా నవ్వుతోంది.

"రాణి," అంది మామా బొమ్మను చూపించి. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపి, "కాదు, రాజు," అంది.

ఏదో ఒకటి తేల్చి చెప్పు తల్లీ అనుకుంటూ వెంకటేశ్వరి దుమ్ము దులిపింది. అప్పటి నుంచి మూడేళ్ళు రోజూ దులిపింది. ఆ బొమ్మకు ఆమె పెట్టుకున్న పేరు గడ్డపు రాణి.

కువైట్‌లో పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఈ మామాకు యాభై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, కూడా ఆమే. కైరోలో చదువుకుని వచ్చి, ఆడపిల్లల బడిలో చరిత్ర పాఠాలు చెప్పేది. అందుకని వీధిలో వాళ్ళూ, ఇంటికొచ్చే పిల్లలూ "అబ్లా" అనేవాళ్ళు, అంటే పంతులమ్మ అని. లండన్ నుంచి ఫోన్ చేసే తమ్ముడు "అక్కా" అనేవాడు. ఆమె అసలు పేరేమిటో ఎవరి నోటా వెంకటేశ్వరి వినలేదు.

అడగొచ్చు కదా అంటారేమో. మనలో పెద్దవాళ్ళ పేరు అడగడం ఎక్కడుందండీ? లారీ గుద్ది పోయిన సొంత మొగుడి పేరే ఆమె నోటితో పలికింది ఒక్కసారి, అదీ పోలీసులు గట్టిగా అడిగితే. పుల్లంపేట దగ్గర వాళ్ళ పల్లెలో, పెద్దవాళ్ళ పేరు నోరుజారి వస్తే లెంపలేసుకుంటారు. అన్నం పెట్టే తల్లిని పట్టుకుని "నీ పేరేంది" అనడానికి మొదటి వారం మర్యాద అడ్డొచ్చింది. మూడేళ్ళయ్యాక, ఇన్నాళ్ళూ తెలియదా అంటుందేమోనని సిగ్గు అడ్డొచ్చింది. అంతే సంగతి.

మామా మాట్లాడేది అరబ్బీ. మొదట్లో వెంకటేశ్వరికి యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది, ఇవి తప్ప ఏమీ రాదు. రెండేళ్ళు తిరిగేసరికి కథ చెబితే అర్థమయ్యేంత వచ్చింది. ఇద్దరి మాటలూ ఇక్కడ మన తెలుగులోనే చెప్పుకుందాం.

ఒక సాయంత్రం చాయ్ తాగుతూ మామా గడ్డపు రాణి కథ చెప్పింది. మూడున్నర వేల ఏళ్ళ కిందట ఈజిప్టును ఏలిన ఆడది ఆమె. పేరు హత్‌షెప్సుత్. మొగుడు రాజు, చచ్చిపోయాడు. సవతి కొడుకు పసివాడు. వాడి పేరు మీద కొన్నాళ్ళు రాజ్యం నడిపింది. తర్వాత, ఇంకొకరి పేరు మీద ఎందుకు, నేనే రాజునని కిరీటం పెట్టుకుంది. రాజుకు గడ్డం ఉండాలని వాళ్ళ ఆనవాయితీ. గడ్డమే కదా అని కట్టుడు గడ్డం తగిలించుకుంది. ఇరవై ఏళ్ళు ఏలింది. ఓడలు పంపి ఎక్కడో దూరదేశం నుంచి పరిమళం కారే చెట్లను వేళ్ళతో సహా తెప్పించుకుంది.

"యబ్బో!" అంది వెంకటేశ్వరి. "ఆయమ్మ మా ఊర్లో పుట్టింటే సర్పంచి గూడా కానియ్యరు."

"వాళ్ళూ ఊరుకోలేదు," అంది మామా. "ఆమె పోయిన చాలా ఏళ్ళకు సవతి కొడుకు కూలీలకు ఉలులిచ్చి గుళ్ళ మీదికి పంపాడు. ఎక్కడ ఆమె పేరు కనబడితే అక్కడ చెక్కి చెరిపేయమన్నాడు. మనిషి రెండుసార్లు చస్తాడని వాళ్ళ నమ్మకం. ఊపిరి పోయినప్పుడు ఒకసారి, పేరు పోయినప్పుడు రెండోసారి. ఎవరైనా పేరు పలికితే చాలు, పోయినవాళ్ళు మళ్ళీ బతుకుతారట."

"పేరు చెరిపేస్తే మరి నీకెట్టా తెల్సింది?"

"కూలీలు పని సగం సగం చేశారు కాబట్టి! పైనున్న చోటికి నిచ్చెన ఎక్కడానికి బద్ధకించారు. కిందవి పైపైన గీకి వదిలేశారు. ఉలిగాటు కింద అక్షరం ఆకారం అలాగే నిలబడింది."

వెంకటేశ్వరికి చిరాకేసింది. ఆమెకు సగం పని చేసేవాళ్ళంటే ఒళ్ళుమంట. "పని చేస్తే పని మాదిరి చెయ్యల్ల. ఈ గీకుడేంది, వదిలిపెట్టుడేంది? కూలి తీసుకోలా?" అంది. మామా నవ్విన నవ్వుకు చాయ్ ఒలికింది.

అవి నవ్వుకునే రోజులు. తొంభయ్యో సంవత్సరం ఆగస్టు రెండో తారీఖు తెల్లారేసరికి ఇరాకీ ట్యాంకులు దేశంలోకి వచ్చేశాయి. వాళ్ళుండే అబూ హలీఫాలో సముద్రం ఒడ్డున సైనికులు ఇసుక మూటలు పేర్చి తుపాకులు పెట్టారు. వీధిలో పదకొండు ఇళ్ళుంటే నెల తిరిగేసరికి తొమ్మిదింటికి తాళాలు. జనం కార్లలో సామాను కుక్కుకుని సౌదీ వైపు పోయారు. ఫోన్ లైన్ తెగిపోక ముందు తమ్ముడు లండన్ నుంచి ఏడ్చాడు, అక్కా వచ్చెయ్ అని. "నా ఇల్లు విడిచి నేనెందుకు పోవాలి? వాళ్ళు పోవాలి," అని మామా ఫోన్ పెట్టేసింది.

సైనికుల చేతుల్లో పేర్ల చిట్టాలుండేవి. ఫలానా మనిషి ఫలానా వీధిలో ఫలానా నంబరు ఇంట్లో ఉంటాడని. అందుకని ఊళ్ళో మిగిలినవాళ్ళంతా ఒక పని చేశారు. వీధి పేర్ల బోర్డులు పీకేశారు, ఇంటి నంబర్ల మీద రంగు పూశారు, గేటు పక్కనున్న పేర్లు ఊడదీశారు. ఎవరిల్లు ఏదో దేవుడికే తెలియాలి. మామా గేటుకు ఒక ఇత్తడి పలక ఉండేది, అరబ్బీ అక్షరాలు చెక్కిన బరువైన పలక.

"అది ఊడదీసి లోపల దాచు," అని చెప్పి మామా ఎవరింటికో వెళ్ళింది.

వెంకటేశ్వరి ఊడదీసింది. ఊడదీశాక ఆలోచన వచ్చింది. వీళ్ళు బీరువాలు పగలగొట్టి చూస్తున్నారు, దాచింది దొరక్కుండా ఉంటుందా? పెరట్లో కూర్చుని ఆకురాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. మామా పేరు వాళ్ళ కంట పడకూడదు, అంతే ఆమె పట్టుదల. రెండు రోజులు రుద్దింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అక్షరాలన్నీ అరిగి నున్నగయ్యాక, ఊళ్ళో బిందెలు తోమినట్టు ఇటుకపొడీ చింతపండూ పెట్టి తోమింది. పలక అద్దంలా అయింది. తీసుకెళ్ళి మామాకు చూపించింది.

మామా పలకను అటూ ఇటూ తిప్పింది. "దాచమన్నాను కదా," అంది.

"దాస్తే దొరుకుతాది మామా. అందుకే ల్యాకుండా జేసినా. సూడు, ఒక్క గీతుంటే నన్నడుగు."

"మా ఆయన పెళ్ళైన ఏడాది చేయించిన పలక ఇది. తన పేరు వద్దని నా పేరు చెక్కించాడు." మామా కళ్ళు తుడుచుకుంది. అంతలోనే నవ్వింది. "ఆ సవతి కొడుకు నిన్ను కూలికి పెట్టుకుని ఉంటే, నా రాణి పేరు లోకానికి దక్కేదే కాదు."

వెంకటేశ్వరి ఎంత పిచ్చిదో చూడండి, అది మెచ్చుకోలనుకుని ఆ పూటంతా మురిసిపోయింది.

సెప్టెంబరులో అన్వర్ బాషా వచ్చాడు. వీధి మలుపులో కుట్టుమిషను దుకాణం ఆయనది. రాయచోటి మనిషి. మనవాళ్ళను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డానుకు చేరుస్తున్నారనీ, అక్కడి నుంచి విమానాలున్నాయనీ చెప్పాడు. మామా వెంటనే బీరువాలోంచి వెంకటేశ్వరి పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది.

"పో. నీ కూతురి దగ్గరికి పో."

వెంకటేశ్వరికి ఊళ్ళో ఎనిమిదేళ్ళ కూతురుంది, చిట్టి. వాళ్ళమ్మ మద్దమ్మ దగ్గర పెరుగుతోంది. కూతురి మాట వినగానే ఉన్నపళంగా బస్సెక్కాలనిపించింది. కానీ ఖాళీ వీధిలో, ఆ ఇంట్లో, ఈ మనిషి ఒక్కతే కూర్చుని ఉండడం కూడా కళ్ళ ముందు కనబడింది.

"నువ్వొక్కదానివే ఎట్టుంటావు?"

"నాకు రాణి తోడుంది కదా."

"ఆ సుద్దబొమ్మ నీకు చాయ్ గాసి పోస్తాదా?" అని కసిరింది వెంకటేశ్వరి. "ఇంగో బస్సుకు పోతాలే."

మామా ఆమెను దగ్గరికి తీసుకుని నెత్తిన ముద్దు పెట్టుకుంది. సైనికులు ఇళ్ళలో దొరికిన పాస్‌పోర్టులన్నీ ఎత్తుకుపోతున్నారని వినికిడి. అందుకని పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టి, గడ్డపు రాణి బొమ్మ డొల్లలో అడుగునుంచి దోపి, సుద్ద కలిపి మూసేసింది. "బయల్దేరే రోజు పగలగొట్టుకో. రాణి ఏమీ అనుకోదు," అంది.

ఆ తర్వాత మామా ఏం చేస్తోందో వెంకటేశ్వరి అడగలేదు, మామా చెప్పలేదు. ఇంట్లో కాగితాలన్నీ, పుస్తకాల్లో పేరు రాసిన మొదటి పేజీలతో సహా, పెరట్లో కాల్చేసింది. పూర్వం బడిలో పరీక్ష పేపర్లు తీసే సైక్లోస్టైల్ మిషను ఒకటి ఎక్కడో దాచారని మాత్రం తెలుసు. మామా పగలు వెళ్ళి, వేళ్ళకు ఊదా సిరా అంటించుకుని వచ్చేది. ఎవరెవరిని పట్టుకుపోయారు, ఎక్కడ మందులు దొరుకుతాయి, ఇవన్నీ కరపత్రాలుగా ఇంటింటికీ చేరేవి. వెంకటేశ్వరి ఆ వేళ్ళకు నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి రుద్దేది. ఆ సిరా మాత్రం ఆమెకు లొంగలేదు.

ఆ నెలాఖరున ఒక పొద్దున్న పదింటికి గేటు తన్నుకుని నలుగురు సైనికులూ ఒక అధికారీ లోపలికొచ్చారు. బీరువాలు తిరగేశారు, పరుపులు కోశారు. ఇత్తడి పలక చూసి, అద్దమనుకున్నారో ఏమో, పక్కన పడేశారు. అధికారి చేతిలో చిట్టా ఉంది. అందులో ఒక పంతులమ్మ పేరుంది. ఆమె ఇల్లు ఈ వీధిలోనే అని తెలుసు. ఏ ఇల్లో తెలియదు.

"నీ పేరు?" అన్నాడు మామాతో.

మామా ఏదో పేరు చెప్పింది. వాడు నమ్మలేదు. వెంకటేశ్వరి వైపు తిరిగాడు. "ఈమె పేరేమిటి?"

"మామా," అంది వెంకటేశ్వరి.

చెంప పేలింది. "పనిమనుషులంతా అదే అంటారు. పేరు చెప్పు!"

"తెల్దు సారూ. మా యమ్మతోడు, తెల్దు."

రెండో దెబ్బకు కింద పడింది. నోట్లో రక్తం. పైకి చూస్తే మామా తననే చూస్తోంది. ఆ కళ్ళలో భయం లేదు, వెంకటేశ్వరి చెప్పనందుకు గర్వం ఉంది. పిచ్చి తల్లి, దాస్తోందనుకుంది. నిజంగా తెలియదని ఆమెకేం తెలుసు?

వదిలేసి పోయేవాళ్ళేమో. అధికారి కన్ను మామా బొటనవేలి మీద పడింది, ఊదా రంగు. చెయ్యి పట్టుకుని ఎత్తి చూశాడు. జీపెక్కించమన్నాడు.

గేటు దాటే ముందు మామా వెనక్కి తిరిగింది. "పొయ్యి మీద పాలున్నాయి, చూడు," అంది. జీపు వెళ్ళిపోయింది. వెంకటేశ్వరి వంటింట్లోకి పరిగెత్తి పాలు దించింది. ఆ తర్వాత నేల మీద కూలబడి ఏడ్చింది.

పదిహేడు రోజులు. రోజూ ఇద్దరికీ అన్నం వండేది. చెంప వాపు తగ్గేదాకా తడుముకుంటూ, అడగకపోవడమే మంచిదైంది దేవుడా, తెలిసుంటే రెండో దెబ్బకే కక్కేసేదాన్ని అనుకునేది. పేరు బయటపడలేదు కాబట్టి ఇవాళో రేపో వదిలేస్తారని ఆశ. అన్వర్ బాషా వచ్చి గురువారం మూడింటికి బస్సనీ, ఆ తర్వాత ఇక బస్సులుండవంటున్నారనీ చెబితే కూడా, "మామా రానీ అన్నా" అంది.

గురువారం పొద్దున్నే పక్క బిల్డింగులో ఉండే సుందరమ్మ వచ్చింది. నర్సాపురం వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ బట్టలతోనే ఉంది.

"కూచోవే," అంది.

"ఏమైంది?"

"నిన్న రోడ్డు పక్కన పడేసిన శవాల్ని తెచ్చారు. అందులో ఒకావిడ... మొకం గుర్తుపట్టేట్టు లేదే. వేళ్ళకి ఊదా సిరా ఉంది." సుందరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు అబ్లా అనిపిస్తుందే. నువ్వొచ్చి చూస్తే మంచిది."

వెంకటేశ్వరి ఆసుపత్రికి వెళ్ళి చూసింది. మామాయే. శవాన్ని కడిగే ఆడమనిషి శ్రద్ధగా కడిగి తెల్లబట్ట చుట్టింది. ఒక చెయ్యి విప్పి చూపించారు. గోళ్ళు లేవు. ఆ చేత్తోనే మామా తనను దగ్గరికి తీసుకుంది. వేళ్ళ సందుల్లో సిరా ఉంది. అంత కడిగినా పోలేదు. వెంకటేశ్వరి కడుపులోంచి వచ్చిన ఏడుపుకు పక్క గదిలో వాళ్ళు కూడా వచ్చి చూశారు.

అక్కడ ఒక ముసలాయన నోటు పుస్తకం పట్టుకుని ఉన్నాడు. మసీదులో అజాన్ ఇచ్చే మనిషట. శవాల్ని పాతిపెట్టే పని తన మీద వేసుకున్నాడు. "పేరు చెప్పమ్మా," అన్నాడు మెల్లగా.

వెంకటేశ్వరి నోరు తెరిచింది. ఏముంది అందులో? "మామా," అంది.

"పేరు, తల్లీ. తండ్రి పేరు. తాత పేరు."

"తెల్దు తాతా." సుందరమ్మ వైపు చూసింది. ఆమె కళ్ళు దించుకుంది. "నాకూ తెలీదే. అబ్లా అబ్లా అనేదాన్ని. వచ్చిన ప్రతి రోగినీ ముందు పేరడుగుతాను. పక్కింటావిణ్ణి అడగలేదే."

ముసలాయన కోప్పడలేదు. "మధ్యాహ్నం నమాజు కాగానే లారీ వెళ్ళిపోతుంది. ఐసుపెట్టెల్లో చోటు లేదు. పేరు తెలియకపోతే గుర్తురాయి మీద 'మజ్‌హూలా' అని రాస్తాం, అంటే ఎవరో తెలియని ఆడమనిషి అని. రేపు ఆమె వాళ్ళెవరైనా వెతుక్కుంటూ వస్తే చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండదు. సాయంత్రం నమాజు దాకా శ్మశానంలోనే ఉంటాను. తెలిస్తే వచ్చి చెప్పు."

రెండోసారి చావడం అంటే ఇదే కదా! బొమ్మను చూపించి మామా చెప్పింది ఇదే కదా! వెంకటేశ్వరి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తింది.

మంచం కిందనుంచి ఇత్తడి పలక లాగింది. ఎండలో పెట్టి ఏటవాలుగా చూసింది. వేలికొసతో అంగుళం అంగుళం తడిమింది. ఎక్కడైనా ఒక్క గీత మిగలకపోతుందా? ఉలిగాటు కింద ఆకారం నిలబడుతుందని చెప్పింది కదా! ఏమీ లేదు. తన ఏడుపు మొహమే అందులో కనబడింది. ఆ బద్ధకపు కూలీలకున్న పాటి పుణ్యం కూడా నాకు లేకపాయనే అని పలకను నేలకేసి కొట్టింది. చేసిన పని మీద ఇంత అసహ్యం ఆమెకు ఎన్నడూ పుట్టలేదు.

ఎంతసేపు అట్లా కూర్చుందో. తలెత్తితే బీరువా మీద గడ్డపు రాణి. సైనికులు అన్నీ పగలగొట్టారు గానీ దాన్ని ముట్టుకోలేదు.

పాస్‌పోర్టు! పాస్‌పోర్టులో ఇఖామా ముద్ర, అంటే దేశంలో ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామాలో కఫీల్ పేరు. ఆ ముద్ర లేకుండా కువైట్‌లో ఒక్క పూట బతకలేరని మూడేళ్ళుగా తెలుసు. కఫీల్ మామాయేనని తెలుసు. అయినా బుర్రకు తట్టలేదు. "ఒసే పిచ్చిముండా!" అని తన్ను తానే తిట్టుకుంది.

మసాలా దంచే రోకలి తెచ్చింది. బొమ్మను కిందికి దించి ఒళ్ళో పెట్టుకుంది. మూడేళ్ళు దుమ్ము పడనివ్వని మొహం. "ఏమనుకోగాకు తల్లీ," అని నేల మీద పెట్టి కళ్ళు మూసుకుని కొట్టింది. రెండు దెబ్బలకు రాణి ముక్కలైంది. సుద్దలోంచి కవరు బయటపడింది.

అన్వర్ బాషా దుకాణం ముందు మూట కట్టుకుని బస్సుకు సిద్ధంగా ఉన్నాడు. ఖురాను చదువుకున్న మనిషి, అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోగలడు. కళ్ళద్దాలు తుడుచుకుని ముద్ర మీద వేలు పెట్టి చదివాడు.

"ముజ్నా. ముజ్నా రాషిద్ సాలిహ్. ఇదేమ్మే మీ కఫీల్ పేరు."

"ఇంగోసారి సెప్పన్నా."

"ముజ్నా రాషిద్ సాలిహ్."

"ముజ్నా," అంది వెంకటేశ్వరి. అన్న వెంటనే చేతులు వాటంతటవే లేచి రెండు చెంపలూ తాకాయి. లెంపలేసుకుని, మళ్ళీ అంది. "ముజ్నా రాషిద్ సాలిహ్."

"టయం ఒకటిన్నర. శ్మశానానికి పోయి రావాలంటే మూడు గంటలు పడతాది. బస్సు నీకోసం నిలబడదు," అన్నాడు అన్వర్ బాషా. "నీ బిడ్డను తల్సుకో."

తల్చుకోకుండా ఎట్లా ఉంటుంది? చిట్టి మొహం కళ్ళ ముందే ఉంది. కానీ ఆమెను చూసుకోవడానికి మద్దమ్మ ఉంది. ఈ తల్లి పేరు ఈ పూట లోకంలో తన నోట్లో తప్ప ఎక్కడా లేదు.

"పాస్‌పోర్టు సుందరమ్మకిచ్చి పో అన్నా. దోవలో నా దగ్గర దొరికితే, చిట్టాలో ఉండే పంతులమ్మ మామాయేనని వాళ్ళకు తెలుస్తాది," అంది. అన్వర్ బాషా కళ్ళద్దాలు తీసేసి పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు మైళ్ళ దారి. మరిచిపోతానేమోనని భయం, పలుకుతూనే నడిచింది. అడుగుకోసారి ముజ్నా, అడుగుకోసారి రాషిద్, అడుగుకోసారి సాలిహ్. కాళ్ళు తారు రోడ్డు మీద కాలిపోయాయి. మలుపు దగ్గర సైనికుల కాపలా. ఒక కుర్ర సైనికుడు తుపాకి అడ్డం పెట్టాడు.

"ఏం గొణుగుతున్నావు?"

ఆ పేరు వాడి జేబులో ఉన్న చిట్టాలోనే ఉందేమో. వెంకటేశ్వరి పెదాలు ఆపింది. ఆపితే ఎక్కడ జారిపోతుందోనని లోపల నాలుకతో పలుకుతూనే ఉంది.

"దేవుని పేరు," అంది. "మా ఊరి దేవత."

వాడు ఆమె కాళ్ళ వైపు చూశాడు, నెత్తురు కారుతున్న కాళ్ళు. పొమ్మని చెయ్యి ఊపాడు.

శ్మశానం చేరేసరికి మామాను మట్టిలో పెట్టేశారు. వరసలో చివరి గుంట. తలవైపు కొత్తగా పోసిన సిమెంటు దిమ్మె, ఇంకా పచ్చిగానే ఉంది. దాని మీద ఒక అంకె, ఒక మాట. ముసలాయన పార పక్కన పెట్టి లేచాడు.

"ముజ్నా," అంది వెంకటేశ్వరి రొప్పుతూ. "ముజ్నా రాషిద్ సాలిహ్. పంతులమ్మ. రాజుల కతలు సెప్తాది."

ఆయన ఆమెతో మూడుసార్లు చెప్పించుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, దిమ్మె మీద 'మజ్‌హూలా' అన్న మాటను అరచేత్తో చెరిపి, మేకుతో పేరు గీశాడు. సిమెంటు అప్పటికే గట్టిపడుతోంది. గీతలు సన్నగా, పైపైన పడ్డాయి. ఒక గాలివానకు పోయేలా ఉన్నాయి.

"అట్ల గాదు తాతా. ఇట్లియ్యి," అని వెంకటేశ్వరి మేకు తీసుకుంది.

ఆ అక్షరాలు ఆమెకు తెలియవు. ఏ గీత ఏ పలుకో తెలియదు. ఆయన గీసిన దారిలోనే మేకు పెట్టి లోతుగా లాగింది. మళ్ళీ లాగింది. గట్టిపడ్డ చోట ఒక రాయి తెచ్చుకుని మేకు తల మీద కొట్టింది. అరచేతుల్లో పాత బొబ్బలు చిట్లాయి. మూడెప్పుడో దాటిపోయింది, బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు ఏడుపొచ్చింది గానీ చెయ్యి ఆగలేదు.

సాయంత్రం నమాజుకు వేళయింది. "చాలు తల్లీ, కనబడుతోంది," అన్నాడు ముసలాయన.

"ఇంగా ఒక అచ్చరముండాది," అంది వెంకటేశ్వరి.

ఆయన ఆ పక్కనే గుడ్డ పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు. ఆమె పేరు పలుకుతూ చివరి అక్షరం చెక్కుతోంది.